కట్టకు ఈ కొసన మేము

అనంతపురం జిల్లా కేంద్రం కాబట్టి అదే పాత ఊరని చాలామంది అనుకుంటారు. సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్లూ క్లాసులో నేను వాదించింది ఒకటే: ముందు చెరువు, తర్వాతే ఊళ్లు. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన రాజు పేరుతో మా బుక్కరాయసముద్రం, ఇంకో కొసన రాణి అనంతమ్మ పేరుతో అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. 1882లో బళ్లారి నుంచి విడదీసి జిల్లా చేసినప్పుడు కలెక్టరు కచేరీ ఆ కొసకు పోయింది. మాది మండలంతో సరిపెట్టుకుంది.

ఇక్కడ చెరువు లేకుండా బతుకు లేదు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే కురిసిపోతుంది. ఈశాన్యపు వాన మా దాకా వచ్చేసరికి నీరసిస్తుంది. జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు, అదీ ఒక్కోసారి నాలుగు గట్టి వానల్లో అయిపోతుంది. ఆ నీళ్లు ఆపుకుంటే తూము కింద వరి. లేకుంటే మెట్టలో కొర్ర, జొన్న, తర్వాతి కాలంలో వేరుశనగ.

కట్ట వేయడం ఎంత పనో కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం చూస్తే తెలుస్తుంది. అది 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పని చేస్తే రెండేళ్లు పట్టిందట. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని ఆరు దోషాలనూ కూడా ఆ రాతి మీద చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి.

మా ఊరికి మాత్రం చెరువంటే ముసలమ్మే. పేరుకే ముసలమ్మ, మనిషి పడుచు, బసిరెడ్డి చిన్నకోడలు. వరదకు కట్ట తెగబోతే, ఆమెను బలి ఇస్తేనే నిలుస్తుందని పలుకు వినబడిందట. ఆమె నడిచి వెళ్లి గండిలో నిలబడింది. బ్రౌన్ దొర సేకరించిన అనంతపుర చరిత్రలోని ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉండగా 1899లో ‘ముసలమ్మ మరణము’గా రాశారు.

నాకు ఆ తల్లి మీద భక్తి ఉంది, కథ మీద కోపమూ ఉంది. ఇదంతా కల్పనేనని కొట్టిపారేయలేం. విజయనగరం దగ్గర కృష్ణదేవరాయలు కట్టిస్తున్న చెరువుకు గండి పడితే మనుషులను బలి ఇచ్చారని పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. ఇన్ని వందల ఏళ్లు కట్టను నిలబెట్టింది మాత్రం బలి కాదు. తూము ఎత్తి దించే నీరుగంటి, పూడిక మోసిన కూలీ, మరమ్మతు చేసినందుకు దశబంధం మాన్యం అనుభవించిన కుటుంబాలు నిలబెట్టాయి. వాళ్ల మీద ఎవరూ కావ్యం రాయలేదు. మాన్యాలు పోయి చెరువు సర్కారుదయ్యాక, ఊరికి దాని మీద హక్కుతోపాటు పట్టింపూ తగ్గింది. ఇప్పుడు ఈ సీమ చెరువులు తుంగభద్ర ఎగువ కాలువ వైపు చూస్తున్నాయి.

ముసలమ్మకు టెంకాయ కొట్టడానికి వచ్చే వాళ్లను నేను అడిగేది చిన్నది. దండం పెట్టుకున్నాక మరవ దాకా నడవండి. కంప ఎంత పెరిగిందో, పూడిక ఎంత చేరిందో చూసి, గ్రామసభలో ఆ మాట ఎత్తండి.