మోటారు బ్యాటరీ పూర్వోత్తరములు

ఉగాది దగ్గరపడగానే షోలాపురములోని మన తెలుగు ఇండ్లలో స్వగ్రామ ప్రయాణముల సందడి మొదలగును. మా రైల్వేవారికి పాసులున్నవి గాని, ఇప్పుడు చాల కుటుంబములు సొంత కార్లలోనే బయలుదేరుచున్నవి. బ్యాటరీ చచ్చుట కూడ ఆ ఎండల రోజులలోనే! అప్పుడు మెకానిక్కు చెప్పినదే వేదము. పాత బ్యాటరీ తీసి క్రొత్తది బిగించుటలో అతడు పాటించు పద్ధతులు ఊరక పుట్టినవి కావు. వాని చరిత్రను మాకు తెలిసినంతలో చెప్పుచున్నాము.

1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్తోన్ ప్లాంతే రెండు సీసపు రేకులను చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ఉంచి, విద్యుత్తును నింపి మరల తీసికొనవచ్చునని చూపెను. 1881లో ఆ దేశస్థుడే అయిన కామిల్ ఫోర్ సీసపు పలకలపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి దాని శక్తిని పెంచెను. నేటి కారు బ్యాటరీకి మూలమదే. ఒక్కొక్క సెల్లు సుమారు 2 వోల్టులిచ్చును. ఆరు కలిసిన 12. రైలు పెట్టెల అడుగున చాలకాలముగా ఉండిన బ్యాటరీలు కూడ ఈ జాతివే. చక్రపు ఇరుసుతో తిరుగు డైనమో నడకలో వానిని నింపును. బండి స్టేషనులో నిలిచినప్పుడు దీపములు ఆరకుండుట ఆ సీసపు పలకల పుణ్యమే.

మొదటి కార్లకు బ్యాటరీతో ఇంజను లేపు పని లేదు. ముందు హాండిలు దూర్చి త్రిప్పవలెను. అది ఒక్కొక్కసారి వెనుకకు తన్ని చేయి విరుగగొట్టెడిది. 1912 నాటి కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరు అమర్చిన తరువాత ఈ బాధ క్రమముగా తొలగెను. అయినను పాత అంబాసిడరుల వెంట హాండిలు చాలకాలముండెను. నేటి కార్లకు అదియు లేదు. కనుక బ్యాటరీ చచ్చిన కారు ఇంటిముందు అరుగువంటిదే.

చాలకాలము కార్లలో 6 వోల్టులే వాడిరి. ఇంజనులు పెద్దవై, దీపములు పెరిగి, 1950 తరువాత 12 వోల్టులు వ్యాపించెను. నేడు సామాన్యపు కార్లలో వోల్టుల పేచీ లేదు. కాని పెట్టె కొలత, ప్లస్సు గుబ్బ ఏ ప్రక్కనున్నదో చూచి కొనవలెను. లేనిచో తీగ చాలదు, లేదా తారుమారగును.

తారుమారైన ఏమి అందురా? ఇది వినదగిన కథ. ఇంగ్లీషు కార్లలో 1960 దాటిన కొన్నేండ్ల వరకు ప్లస్సునే కారు బాడీకి, అనగా ఎర్తుకు, కలిపెడివారు. అప్పటి డైనమోకు పొరపాటు కొంత సహించు గుణముండెను. తరువాత దాని స్థానములో డయోడులు గల ఆల్టర్నేటరు వచ్చెను. మైనస్సు ఎర్తు సర్వత్ర స్థిరపడెను. డయోడులకు సహనము తక్కువ. తీగలు క్షణకాలము తారుమారైనను కాలిపోవచ్చును. మా ఎరుకలోని ఒక బండికి ప్రయాణపు తొందరలో అట్లే జరిగి, పండుగకు చేరవలసిన కుటుంబము మూడు రోజులు ఇక్కడనే ఉండిపోయినది.

విప్పునప్పుడు ఎర్తు తీగ మొదట, బిగించునప్పుడు చివర. ఎర్తు ఉండగా రెండవ గుబ్బ విప్పిన, పానా బాడీకి తగిలి నిప్పురవ్వ లేచును. నిండుచున్న బ్యాటరీ నుండి ఉదజని వాయువు వచ్చును. రవ్వ తగిలిన పెట్టె పగులును. నేటి కార్లకు ఎర్తు మైనస్సే గాని, ప్లస్సు ఎర్తు గల పాతకాలపు కారున్నవారు ప్లస్సునే ముందు విప్పవలెను.

ఎన్నుకొనుటలో మా అభిప్రాయమొకటి. పెట్టెపై చలిలో స్టార్టు చేయు ఆంపియర్లని ఒక అంకె ముద్రింతురు. అది సున్నకు దిగువ 18 డిగ్రీల చలికి లెక్కించినది! 40 డిగ్రీలు దాటు షోలాపురములో ఆ ఒక్క అంకె చూచి మురియుట ఎందుకు? మన బ్యాటరీని తినునది ఎండ. కారు పుస్తకములోని ఆంపియర్-అవరు అంకె సరిచూచి, తయారైన నెల అడుగుడు. నెలల తరబడి దుకాణములో నిలువయున్నది తనంతట తానే దిగజారును.

మన దేశములో ఎక్సైడు పేరిట ప్రసిద్ధమైన కంపెనీ 1947లో వేరొక పేరుతో నమోదయ్యెను. 1985లో చిత్తూరు జిల్లావారైన గల్లా రామచంద్రనాయుడుగారు అమరరాజా సంస్థను స్థాపించిరి. 2000లో తిరుపతి దాపున తయారైన అమరాన్ కారు బ్యాటరీలు బజారుకు వచ్చెను. పరాయి ప్రాంతపు దుకాణములో ఆ పెట్టె చూచినప్పుడు మనవారిదని మనసు పొంగును. అయినను అంకెలు సరిపోయినదే కొనుడు.

ఇక పాత బ్యాటరీ. దాని బరువులో అధికభాగము సీసమే. పెరళ్ళలో దానిని కరగించినచోట పొగ, ధూళి పసిపిల్లల మెదడును చెరచును. అందుకే 2001లోను, మరల 2022లోను ప్రభుత్వము నిబంధనలు చేసెను. సందులో పాతసామాను కొనువాడు ఏబది రూపాయలు ఎక్కువ ఇచ్చినను ఇయ్యకుడు. క్రొత్తది కొన్న దుకాణములోనే అప్పగించుడు, వారు ధరలో తగ్గింతురు. ఆమ్లమును తూములో పారబోయరాదు. తీసికొనిపోవునప్పుడు పెట్టెను నిలువుగా ఉంచి, గుబ్బలకు లోహమేదియు తగులకుండ గుడ్డ కప్పుడు.