బండి ఆగిన చోటే బొమ్మ: సంచార వాహనాల్లో డిష్ ఏర్పాటు ఇలా

నకిరేకల్: హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి (ఒకప్పటి 9వ నంబరు) మీద ఉన్న నకిరేకల్ మీదుగా నిత్యం వేలాది వాహనాలు సాగిపోతుంటాయి. మహబూబాబాద్ వైపు వెళ్లే 365వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేదీ ఇక్కడే. ఈ వాహనాల్లో కొన్నింటికి బండే ఇల్లు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు లారీలు, వరికోతల వేళ పొరుగు ప్రాంతాల నుంచి దిగే కోత యంత్రాల వెంట ఉండే బండ్లు, చెరువుగట్టు బ్రహ్మోత్సవాలకు, సూర్యాపేట సమీపంలోని పెద్దగట్టు జాతరకు కుటుంబాలతో తరలివచ్చే వ్యాన్లు ఈ కోవలోనివే. నెలల తరబడి ఇల్లు విడిచి ఉండే కార్మికులకు రాత్రివేళ కాసేపు తమ భాషలో వార్తలు, ఒక సినిమా చూడగలగడం చిన్న విషయమేమీ కాదు. విదేశాల్లో కారవాన్ వాహనాలకు కంపెనీలే అమర్చి ఇచ్చే ఈ సౌకర్యాన్ని మనవాళ్లు మామూలు డిష్‌తోనే సమకూర్చుకుంటున్నారు. అయితే బొమ్మ రాక విసిగి డిష్‌ను మూలన పడేసినవారు, తెల్లవారేసరికి బ్యాటరీ చచ్చి బండిని తోయించుకున్నవారు, లారీ టాపు మీద నిలబడి విద్యుత్తు తీగలకు తగిలే ప్రమాదాన్ని తెలియక కొనితెచ్చుకునేవారు కూడా ఉన్నారు. కొన్ని లెక్కలు ముందుగా తెలిసి ఉంటే ఈ మూడింటినీ తప్పించుకోవచ్చు.

ఏ సేవ ఎంచుకోవాలి?

నెలవారీ చందా లేని సేవ దూరదర్శన్ వారి డీడీ ఫ్రీడిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరిట ఇది ప్రారంభమైంది. ప్రస్తుతం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం ద్వారా ప్రసారమవుతోంది. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహ ప్రసారం దేశమంతటా అందుతుంది కనుక బండి ఏ రాష్ట్రంలో ఆగినా అదే డిష్, అదే పెట్టె పనిచేస్తాయి. మన యాదగిరి, సప్తగిరి చానెళ్లతో పాటు డీడీ తమిళ్, డీడీ పంజాబీ వంటివీ ఇందులో ఉండటం పరరాష్ట్ర కార్మికులకు అనుకూలం. ప్రజాదరణ గల తెలుగు వినోద చానెళ్లు కావాలంటే మాత్రం చందా సేవలను ఆశ్రయించక తప్పదు. వాటిలో టాటా ప్లే 83 డిగ్రీల వద్ద, డిష్ టీవీ 95 డిగ్రీల వద్ద ఉన్న ఉపగ్రహాలను వాడుకుంటున్నాయి. ఒక సేవకు సరిచేసిన డిష్ కదపకుండా మరో సేవకు పనికిరాదు.

కోణమే కీలకం

ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. నకిరేకల్ నుంచి చూస్తే జీశాట్-15 ఉండేది ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కించినప్పుడు 140 డిగ్రీల దిశలో. సరిగ్గా ఆగ్నేయ మూలకు (135 డిగ్రీలు) నిలబడి, మరో అయిదు డిగ్రీలు దక్షిణం వైపు జరిగితే చాలు. నేల నుంచి ఎత్తు 64 డిగ్రీలు. టాటా ప్లే కోసమైతే దిశ 168 డిగ్రీలు, ఎత్తు 69 డిగ్రీలు; అంటే దాదాపు నేరుగా దక్షిణం.

సెల్‌ఫోన్‌లోని దిక్సూచితో దిశను చూసుకోవచ్చు. అయితే లారీ పక్కనే నిలబడి చూస్తే ఇనుము ప్రభావం వల్ల అది తప్పు చూపుతుంది. అయిదారు మీటర్ల దూరం జరిగి, ఆ దిశలో కనిపించే చెట్టునో స్తంభాన్నో గుర్తుపెట్టుకుని తిరిగి రావడం మేలు.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. మన ఇళ్ల మీద కనిపించే డిష్‌లు ఆఫ్‌సెట్ రకానివి. వాటి ముఖం చూసే దిక్కు, సంకేతం వచ్చే దిక్కు ఒకటి కావు. రెండింటికీ ఇరవై డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. అందువల్ల 64 డిగ్రీల ఎత్తుకు అమర్చిన డిష్ కూడా చూపులకు తక్కువగానే వాలినట్లు అనిపిస్తుంది. కంటి అంచనాను నమ్మక, స్టాండు మీద గుర్తించి ఉన్న అంకెనే నమ్మాలి.

ఎల్ఎన్‌బీ (డిష్ ముందు చేతికి బిగించే భాగం) నిటారుగా ఉండరాదన్నది మరో సంగతి. ఉపగ్రహం తూర్పుకు జరిగి ఉన్నందున ఇక్కడ దానిని దాదాపు 38 డిగ్రీలు తిప్పవలసి ఉంటుంది. డిష్ వెనుక నిలబడి ఆకాశం వైపు చూస్తున్నప్పుడు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో ఆ తిప్పుడు ఉండాలి. దీనిని పట్టించుకోకపోతే కొన్ని చానెళ్లు వచ్చి, కొన్ని రాకుండా పోతాయి.

జిల్లాలో ఎక్కడ ఆగినా ఈ అంకెలు పెద్దగా మారవు. దూర ప్రయాణాల్లో అలా కాదు. జీశాట్-15కు నాగపూర్‌లో దిశ 144, ఎత్తు 60 డిగ్రీలు కాగా, తిరుచెంగోడులో అవి 125, 67 డిగ్రీలు అవుతాయి. వెళ్లే ఊళ్ల అంకెలను ఒక కాగితం మీద రాసి డ్రైవరు సీటు ఎదుట అతికించుకుంటే ప్రతి మజిలీలోనూ వెతుకులాట తప్పుతుంది.

డిష్ బండి మీద వద్దు, నేల మీదే

అరవై సెంటీమీటర్ల డిష్ సంకేతాన్ని పట్టుకునే వెడల్పు సుమారు మూడు డిగ్రీలు మాత్రమే. లక్ష్యానికి డిగ్రీన్నర అటూ ఇటూ అయితే బొమ్మ చెదరడం మొదలవుతుంది. రెండు మీటర్ల వెడల్పు గల లారీకి ఒకవైపు చక్రాలు పది సెంటీమీటర్లు మెత్తటి నేలలో దిగబడితే బండి మొత్తం మూడు డిగ్రీలు ఒరుగుతుంది. అంటే టాపు మీద ఎంత జాగ్రత్తగా బిగించినా, మనిషి ఎక్కి దిగినప్పుడల్లా, నేల కుంగినప్పుడల్లా ఉపగ్రహం చేజారుతుంది. సంకేతం బలహీనంగా ఉందంటూ పెద్ద డిష్ కొనేవారున్నారు. డిష్ పెద్దదయ్యే కొద్దీ ఆ వెడల్పు ఇంకా తగ్గుతుంది కాబట్టి కష్టం పెరిగేదే కాని తరిగేది కాదు.

అందుకే మూడు కాళ్ల స్టాండుకు డిష్ బిగించి, బండికి కాస్త దూరంగా నేల మీద నిలిపి, కాళ్లపై ఇసుక సంచి వేయడం ఉత్తమం. స్టాండు గొట్టం నిటారుగా ఉందో లేదో తాపీమేస్త్రీ వాడే రసమట్టంతో చూసుకోవాలి. గొట్టం నిటారుగా ఉంటే, జిల్లా లోపల తిరిగేటప్పుడు ఒకసారి బిగించిన ఎత్తును మళ్లీ ముట్టుకోనక్కరలేదు. ప్రతి మజిలీలో దిశ ఒక్కటి తిప్పుకుంటే సరిపోతుంది. పది, పదిహేను మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్ చాలు.

టీవీ తెరపై రెండు గీతలు కనిపిస్తాయి. అందులో స్ట్రెంత్ అనే గీత ఎల్ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, ఎంతో కొంత చూపుతుంది. చూడవలసింది క్వాలిటీ గీతను. డిష్‌ను వేలెడంత కదిపి, రెండు మూడు సెకన్లు ఆగి, తిరిగి కదపాలి. తొందరపడి తిప్పేవారికి ఉపగ్రహం దాటిపోయిన సంగతే తెలియదు. 93.5 డిగ్రీల పక్కనే 95 డిగ్రీల వద్ద మరో ఉపగ్రహం ఉన్నందున కోరిన చానెళ్లు కనిపించిన తరువాతనే మరలు బిగించాలి.

బ్యాటరీ లెక్క

24 అంగుళాల ఎల్ఈడీ టీవీకి సుమారు 30 వాట్లు, పెట్టెకు, ఎల్ఎన్‌బీకి కలిపి 10 వాట్లు అనుకుంటే మొత్తం 40. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇది 3.3 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు గంటలు చూస్తే 13 ఆంపియర్ అవర్లు. మంచి బ్యాటరీకి ఇది భారం కాదు. పాతబడిన దానికి, అందులోనూ ఫ్యాను, దీపాలు తోడైతే, ఉదయం ఇంజిను తిరగకపోవచ్చు. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఇస్తాయి. వాటిలో ఒక్కదాని నుంచి మాత్రమే తీగ లాగడం పలుచోట్ల కనిపించే అలవాటు. ఒకటి ఖాళీ అవుతూ, రెండోది అతిగా ఛార్జ్ అవుతూ కొద్ది నెలల్లో రెండూ పాడవుతాయి. 24 వోల్టులను 12కు తగ్గించే కన్వర్టర్ వాడాలి, బ్యాటరీ దగ్గరే అయిదు ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. స్తోమత ఉన్నవారు టీవీకి వేరుగా ఒక బ్యాటరీ, 100 వాట్ల సౌర ఫలక అమర్చుకోవచ్చు. ఎండ బాగున్న రోజున ఆ ఫలక 400 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. పై వాడకానికి కావలసింది 160 మాత్రమే.

తీగల కింద ఆపవద్దు

అన్నిటికన్నా ముఖ్యం ఇది. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలకు నేల నుంచి కనీసం 4.6 మీటర్ల ఎత్తు ఉండాలని 2010 నాటి కేంద్ర విద్యుత్తు భద్రతా నిబంధనలు చెప్పాయి. మూడు మీటర్ల ఎత్తున్న లారీ టాపు మీద మనిషి నిలబడి చేయెత్తితే అయిదు మీటర్లు. చేతిలో ఇనుప గొట్టం ఉంటే ఇక చెప్పనక్కరలేదు. పైగా స్తంభాలు ఒరిగిన చోట తీగలు ఎంత కిందికి వేలాడుతాయో రైతులందరికీ తెలిసిందే. తీగ తగలకపోయినా, బాగా సమీపించినా విద్యుత్తు దూకుతుంది. చీకట్లో తీగలు కనిపించవు కనుక పగలే చోటు చూసుకుని, తీగలకు పక్కగా దూరంగా డిష్ నిలపాలి. డిష్‌ను నేల మీద పెట్టాలనడానికి ఇది మరింత బలమైన కారణం. ఉరుములు మొదలైతే కేబుల్‌ను పెట్టె నుంచి ఊడదీయాలి.

వాన జోరుగా కురిసేటప్పుడు బొమ్మ పోవడం సహజం; ప్రసార తరంగాలను వాననీరు పీల్చుకుంటుంది. వాన తగ్గగానే వస్తుంది కనుక ఆ సమయంలో డిష్‌ను కదపరాదు. మార్చి రెండో వారంలోను, సెప్టెంబరు ఆఖరు రోజుల్లోను ఉదయం 11 గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు ప్రసారం ఆగుతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు రావడమే కారణం. ఆ రోజుల్లో ఆ వేళ డిష్ మీద చెట్టు నీడ పడిందంటే ఆ చెట్టు ఉపగ్రహానికి అడ్డుగా ఉన్నట్లే లెక్క.

బండి నడుస్తుండగా టీవీ చూడాలంటే ఉపగ్రహాన్ని తనంతట తానే వెంటాడే గుమ్మటం వంటి యాంటెనా కావాలి. మన కార్మికుల బడ్జెట్‌కు అది అందేది కాదు. జాతీయ రహదారి వెంట ఆ పనికి సెల్‌ఫోన్ చాలు. దేనిలో చూసినా తెర డ్రైవరుకు కనబడకూడదు. దారి చూసుకోవడానికి తప్ప, వాహనం నడుపుతూ వీడియోలు చూడటాన్ని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు నిషేధించాయి.