ద్రాక్షతోట గుత్త: కర్నూలు, కడప నేల మీద ఒక ఉపమానం

తోట వేసిన యజమాని దాన్ని గుత్తకిచ్చి పరదేశం పోతాడు. పంట వేళకు తన పాలు తెమ్మని పంపిన మనుషుల్ని గుత్తదారులు కొట్టి తరుముతారు, కొందరిని చంపుతారు. చివరికి కొడుకే వస్తే, వారసుడు పోతే తోట మనదేనని అతన్నీ చంపేస్తారు. యేసు చెప్పిన ఈ కథ మత్తయి 21, మార్కు 12, లూకా 20 అధ్యాయాల్లో ఉంది. మూడు చోట్లా దాని వెంటే, కట్టేవాళ్లు పారేసిన రాయి మూలరాయి అయిందన్న 118వ కీర్తన మాట వస్తుంది.

కథలో హంతకుడు గుత్తదారుడు. రాయలసీమ ఎండుపొలాల్లో దీన్ని వినేవాళ్లకు గుత్త అంటే పురాణకాలపు మాట కాదు, ఈ ఏడు బాండు రాశారా లేదా అన్న ప్రశ్న. మరి తీర్పు పడింది ఎవరి మీద? పొలం చేసేవాడి మీదా, యూదుల మీదా, ఇంకెవరి మీదనైనానా? ఆధారాలు ఎంతవరకు చెబుతాయో అంతవరకే వెళ్లడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వినేవాళ్ల సంగతి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది, తర్వాత జమ్మలమడుగుకు విస్తరించింది. ఆంగ్లికన్ల ఎస్.పి.జి. సంస్థ ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా పనిచేసింది. కర్నూలు పట్నంలో అమెరికన్ బాప్టిస్టులు నిలదొక్కుకున్నారు. సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు. 1876–78 కరువు కర్నూలు జిల్లాను ఊడ్చేసింది కాబట్టి, ఆకలే వాళ్లను చర్చికి తెచ్చిందని తేల్చేసేవారున్నారు. ఆ మాట అంత నిక్కచ్చిగా అనలేం. ముత్యాలపాడు, కలసపాడు చుట్టుపక్కల సంఘాలు కరువుకు రెండు దశాబ్దాల ముందు నుంచే ఉన్నాయి. కరువు సంఖ్యను పెంచి ఉండొచ్చు, ఉద్యమాన్ని పుట్టించలేదు. మనకు కావలసింది ఇంతే: ఈ ఉపమానాన్ని ఇక్కడ మొదట విన్నవారిలో ఎక్కువమంది తోట యజమానులు కారు, కొంతమందికి గుత్తకు తీసుకునే స్తోమత కూడా లేదు.

దూరదేశపు యజమాని కూడా వాళ్లకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో రైతువారీ లెక్కలు కట్టాడు. 1860లలో కర్నూలు–కడప కాలువ తవ్వించింది లండన్ పెట్టుబడితో నడిచిన ఒక ప్రైవేటు కంపెనీ. అది నష్టాల్లో మునిగితే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కిస్తు అడిగేవాడు ఎదురుగా ఉంటాడు, అసలువాడు ఎక్కడో ఉంటాడు.

పాలస్తీనాలోనూ అంతేనని చెప్పే పత్రాలున్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టు రాజోద్యోగి అపొల్లోనియస్‌కు గలిలయ వైపు బేత్ అనాత్‌లో ద్రాక్షతోట ఉండేది. ఆయన ప్రతినిధి జెనోన్ దాచిన పత్రాల కట్టలో ఆ ఎస్టేటు వ్యవహారాలూ ఉన్నాయి. 20వ శతాబ్దపు జర్మన్ పండితుడు యోవాకీం యెరెమియాస్ పరదేశ యజమానుల మీద గలిలయ రైతుల కోపమే ఈ కథకు నేపథ్యమన్నాడు. జాన్ క్లాపెన్‌బర్గ్ 2006లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి పత్రాలెన్నిటినో కూర్చి చూపించాడు. గుత్త తగాదాలు, బకాయిలు, వసూలుకు వచ్చినవాళ్లను కొట్టి పంపడం అప్పట్లో మామూలేనని వీటి వల్ల తెలుస్తుంది. కానీ కథ వాస్తవానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన అది రైతు తిరుగుబాటును మెచ్చుకున్నట్టు కాదు. అలా మెచ్చుకోలుగా చదివే దూకుడు నాకు సమ్మతం కాదు.

వారసుణ్ణి చంపితే తోట దక్కుతుందా అన్నదీ తేలవలసిన విషయమే. మూడేళ్లు అడ్డులేకుండా అనుభవిస్తే హక్కు పుడుతుందన్న యూదు న్యాయం ఆధారంగా, గుత్తదారుల ఆశకు చట్టం అండ ఉందని కొందరు వాదించారు. అయితే మిష్నాలోని బావా బత్రా భాగం మూడో అధ్యాయం, పాలుకు సాగుచేసేవాడికి ఆ హక్కు పుట్టదని స్పష్టంగా చెబుతుంది. మిష్నా కూర్పు క్రీ.శ. 200 ప్రాంతానిది కాబట్టి యేసు కాలానికి దాన్ని నేరుగా అంటగట్టలేం. అయినా మొగ్గు ఎటో తెలుస్తోంది: గుత్తదారుల లెక్క మొదటి నుంచీ తప్పుడు లెక్కే.

ఇదే భయం మన దగ్గర తిరగబడి కనిపిస్తుంది. పన్నెండేళ్లు చేస్తే పొలం వాడిదైపోతుందని భూమిగలవాళ్లు కాగితం రాయడానికే జంకుతారు. ఆ భయం పోగొట్టడానికే ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందాన్ని పదకొండు నెలలకు కుదించారు. సాగుదారు హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం తప్పనిసరి చేశారు. సంతకం పడకపోతే కౌలురైతుకు ఆ కార్డు మీద వచ్చే బ్యాంకు అప్పు అందదు.

మరొకటి. కోరుకైతే పండినదాంట్లో పాలు. గుత్తకైతే పండినా ఎండినా కట్టాల్సిందే. సువార్తల్లో యజమాని అడిగింది పంటలోంచి రావలసినది. తోట ఎండిందని గుత్తదారులు ఎక్కడా చెప్పుకోరు, కరువు ఊసే లేదు. వాళ్లు ఎగ్గొట్టింది ఉన్నదాంట్లోంచే. కాబట్టి వాన లేక గుత్త బాకీపడ్డ రైతు మీదికి ఈ కథను తిప్పడానికి మూలంలో ఆధారం లేదు.

ఇక అసలు గట్టి ఆధారం యెషయా 5వ అధ్యాయం. మత్తయి, మార్కుల్లో తోటకున్న కంచె, గానుగతొట్టి, బురుజు అక్కడివే. ఆ పాటలో తోటే చెడ్డది, కారుద్రాక్షలు కాస్తుంది. యజమాని కంచె పీకి దాన్ని పాడుబెడతాడు. యేసు కథలో తోట మీద ఒక్క నింద లేదు. తోటను నాశనం చేయరు, వేరేవాళ్ల చేతికి ఇస్తారు. యెషయాలో తోట అంటే ఇశ్రాయేలు జనం. ఆ గుర్తును ఇక్కడా అలాగే ఉంచితే దోషం జనానిది కాదు, జనాన్ని అప్పగించుకున్న పెద్దలది. సందర్భమూ దీనికి సరిపోతుంది: దేవాలయంలో నీకెవరు అధికారం ఇచ్చారని నిలదీసినవాళ్లు ప్రధాన యాజకులు, పెద్దలు. కథ తమ గురించేనని ప్రధాన యాజకులకూ పరిసయ్యులకూ అర్థమైందని మత్తయి 21:45 చెబుతుంది.

దేవుని రాజ్యం మీ దగ్గర నుంచి తీసి ఫలమిచ్చే జనానికి ఇస్తారన్న 43వ వచనమే శతాబ్దాల పాటు యూదుల మీద ఆయుధమైంది. 1965లో రెండో వాటికన్ సభ ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటనలో, యూదుల్ని దేవుడు తోసేసినవాళ్లుగా చూపించకూడదని చెప్పాల్సి వచ్చింది. చేతులు మారేకొద్దీ కథ పదునెక్కిందనడానికి జాడలున్నాయి. మార్కులో కొడుకును చంపి బయట పారేస్తారు. మత్తయి, లూకాల్లో బయటికి తోసి చంపుతారు. యేసు ఊరి గవిని బయట సిలువ వేయబడ్డాడన్న జ్ఞాపకం ఆ వరుసను మార్చి ఉండొచ్చు. 1945లో ఈజిప్టులో దొరికిన తోమా సువార్తలో శిక్షే లేదు, యెషయా ఛాయలూ లేవు. అందులో యజమాని ఎలాంటివాడో చెప్పేచోట ప్రతి చిరిగిపోయింది. మంచివాడని పూరించవచ్చు, వడ్డీవ్యాపారి అనీ పూరించవచ్చు. తోమాదే పాత రూపమని కొందరంటారు. నాకు అది తేలిన విషయంగా కనిపించదు.

రాయి మాటా పెద్దల వైపే చూపిస్తుంది. బేతంచెర్ల, నార్జి గనుల దగ్గర నాపరాళ్ల వ్యర్థాల గుట్టలు చూసినవాళ్లకు తెలుసు, పక్కన పడ్డ ప్రతి రాయీ పనికిరానిది కాదు. పనికిరాదని తేల్చింది పనివాళ్లు. కీర్తనలోనూ తప్పు తీర్పు చెప్పింది దారిన పోయేవాడు కాదు, కట్టడం తెలిసినవాళ్లు.

ఈ లెక్కన ఇక్కడ గుత్తదారులు ఎవరు? మిషన్ బంగళాలు, బడులు, జమ్మలమడుగు ఆసుపత్రి లాంటివి ఒకప్పుడు లండన్ ఆజమాయిషీలో ఉండేవి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక, ఆస్తుల కోసం పెట్టిన ట్రస్టు సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు కలవక 1975లో గానీ చేరలేదు. లండన్ సొసైటీని యజమానిగా, స్థానికుల్ని కృతఘ్నులైన గుత్తదారులుగా చదివితే కథ తలకిందులవుతుంది. యజమాని దేవుడైనప్పుడు మిషనరీ దొరా గుత్తదారుడే. ఇవాళ ఆ వరుసలో బిషప్పులు, ట్రస్టీలు, పాస్టరేటు కమిటీలు నిలబడతారు.

ఈ కథను ఇక్కడి కథోలికులూ వింటారు: కర్నూలు కథోలిక మేత్రాసనం 1967లో, కడపది 1976లో ఏర్పడ్డాయి. కథోలిక పఠన పట్టికలో ఈ ఉపమానం ‘ఎ’ సంవత్సరం 27వ సామాన్య ఆదివారం, అంటే అక్టోబరు తొలి రోజుల్లో, యెషయా పాటతో కలిసి వస్తుంది. కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగకు పొలం సిద్ధం చేసే రోజులవి. 2023లో అది అక్టోబరు 8న వచ్చింది, కర్నూలు జిల్లా మండలాలు కరువు జాబితాకెక్కిన ఏడాది. ఆ పఠనం 43వ వచనం దగ్గర ఆగుతుంది. కథ ఎవరిని తాకిందో చెప్పే 45వ వచనం చదవరు. చాలా ప్రొటెస్టెంటు సంఘాలు వాడే ఉమ్మడి పట్టికలో పాఠం 46 దాకా సాగుతుంది. మధ్యలోని 44వ వచనం బేజా వంటి కొన్ని పాత ప్రతుల్లో లేదు కాబట్టి దాన్ని వదిలేయడానికి కారణం చూపించవచ్చు. 45ను వదిలేయడానికి ప్రతుల్లో అలాంటి కారణమేమీ లేదు.