నొప్పి లేని నష్టం: చేనేత కేంద్రాలలో క్రమబద్ధమైన కంటి పరీక్షల ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అన్న ఆర్యోక్తిని ఎరుగనివారు అరుదు. అయినప్పటికీ, పంటి నొప్పికి వైద్యుని ఆశ్రయించినంత త్వరగా కంటి పరీక్షకు వెళ్ళేవారు కూడా అరుదే. కారణం సుస్పష్టం. పన్ను బాధిస్తుంది. చూపును హరించే ప్రధాన వ్యాధులలో అధికభాగం బాధించవు. కనుక నొప్పి కోసం వేచి ఉండక, వయస్సును, వృత్తిని, శరీరంలోని ఇతర వ్యాధులను బట్టి నిర్ణీత వ్యవధిలో కళ్ళను పరీక్ష చేయించుకోవడమే అంధత్వ నివారణకు మూలసూత్రం.

ఈ సూత్రం అందరికీ వర్తించేదే అయినా, బాపట్ల జిల్లా వేటపాలెం వంటి చేనేత కేంద్రాలలో దానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. అక్కడ చూపు తగ్గడమంటే నేరుగా కూలి తగ్గడమే.

దగ్గరి చూపే జీవనాధారం

వేటపాలెం, చీరాల పరిసర ప్రాంతాలు తరతరాలుగా చేనేతకు పేరెన్నికగన్నవి. గుంట మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడు రోజంతా చేతికందే దూరంలోని పోగులపైనే దృష్టి నిలుపవలసి ఉంటుంది. తెగిన పడుగు పోగును వెంటనే గుర్తించి అతకడం, అంచు తిన్నగా వస్తున్నదీ లేనిదీ గమనించడం, రంగుల తేడాను పసిగట్టడం అన్నీ చూపుతో ముడిపడిన పనులే. నేసిన బట్టను బట్టి కూలి ముట్టే విధానంలో పోగు అతకడానికి పట్టే అదనపు సమయం, తప్పు నేత వల్ల తగ్గే ధర రెండూ కార్మికుని ఆదాయం నుండే పోతాయి. కండెలు చుట్టే స్త్రీలకు, జీడిపప్పును నాణ్యత ప్రకారం వేరుచేసే కూలీలకు కూడా దగ్గరి చూపే పెట్టుబడి. 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం గ్రంథాలయం గల ఈ ఊరిలో పఠనాసక్తి గల పెద్దల అవసరమూ ఇదే.

నలభయ్యో పడి దాటిన పిమ్మట కంటిలోని సహజ కటకం క్రమంగా గట్టిపడి, దగ్గరి వస్తువులపై చూపును కేంద్రీకరించే శక్తిని కోల్పోతుంది. దీనినే చత్వారం అంటారు. ఇది రోగం కాదు, వయస్సుతో పాటు దాదాపు అందరికీ వచ్చే మార్పు. సరైన కళ్ళద్దాలతో దీనిని సరిదిద్దవచ్చు. అయితే నేతపనిలో నైపుణ్యం పరిపక్వమయ్యే వయస్సు కూడా ఇదే కావడం గమనార్హం. పనితనం పండిన వేళ చూపు మందగించి, ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుని సన్న నేతను విడిచి ముతక నేతకు మారడం, లేదా మగ్గానికే దూరం కావడం నివారించదగిన నష్టం.

అధ్యయనాలు తెలుపుతున్నదేమి?

వేటపాలెం 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు ప్రకాశం జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలోని చేనేత కుటుంబాలలో 40 ఏళ్ళు, ఆపై వయస్కులపై జరిగిన ఒక సర్వే ఫలితాలు 2013లో ప్రచురితమయ్యాయి. చూపు లోపానికి ప్రధాన కారణాలుగా అందులో తేలినవి రెండు: కళ్ళద్దాలతో సరిదిద్దని వక్రీభవన దోషాలు, శుక్లాలు. మొదటిది అద్దాలతో, రెండవది శస్త్రచికిత్సతో చక్కబడేవే.

అంతకు పూర్వం 1996–2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం కూడా ఇదే అంశాన్ని ధ్రువపరిచింది. హైదరాబాదు నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాలలో 10,293 మందిని పరీక్షించగా, ప్రతి వెయ్యి మందిలో సుమారు 18 మందికి అంధత్వం ఉన్నట్లు తేలింది. అందులో 44 శాతానికి శుక్లాలు, సుమారు 16 శాతానికి వక్రీభవన దోషాలు కారణం. అంటే ప్రతి అయిదుగురు అంధులలో ముగ్గురు సులభ చికిత్సతో చూపు పొందగలిగినవారే.

కళ్ళద్దాలకూ కూలికీ గల సంబంధాన్ని ఇతర ప్రాంతాల అధ్యయనాలు అంకెలతో నిరూపించాయి. అస్సాం తేయాకు తోటలలో 40 ఏళ్ళు దాటిన 751 మంది కార్మికులపై జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. దగ్గరి చూపు అద్దాలు అందుకున్నవారి ఆకు సేకరణ, అందుకోనివారితో పోల్చితే దాదాపు 22 శాతం అధికంగా పెరిగింది. బంగ్లాదేశ్ గ్రామాలలో వివిధ వృత్తులవారిపై జరిపి 2024లో ప్రచురించిన మరొక పరిశోధనలో అద్దాలు పొందినవారి ఆదాయం సుమారు మూడోవంతు పెరిగినట్లు వెల్లడైంది. మగ్గం పని తేయాకు కోతకన్నా సూక్ష్మమైనదన్న విషయాన్ని వేరుగా చెప్పనవసరం లేదు.

నిశ్శబ్దంగా చూపును హరించేవి

శుక్లాలు: కంటిలోని పారదర్శకమైన కటకం మసకబారడమే శుక్లం. మందులతో, చుక్కలతో ఇది కరగదు. మసకబారిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చడమే చికిత్స. ‘శుక్లం ముదిరితేగాని ఆపరేషన్ చేయరు’ అన్న భావన పాతకాలపుది. నిత్యకృత్యాలకు, వృత్తికి ఆటంకం కలిగినప్పుడే శస్త్రచికిత్స చేయించుకోవచ్చు. బాగా ముదరనిస్తే చిక్కులు పెరుగుతాయి.

నీటి కాసులు: కంటి నరం క్రమంగా దెబ్బతినే ఈ వ్యాధిని వైద్యులు గ్లకోమా అంటారు. మొదట పక్క చూపు తగ్గుతుంది. ఎదుటి చూపు చివరివరకు నిలిచి ఉండడం వల్ల రోగికి అనుమానమే రాదు. ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో ఈ వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు అంతకుముందు ఆ సంగతి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును చికిత్సతో కాపాడుకోవచ్చు. కంటి పీడనం మామూలుగా ఉన్నా వ్యాధి ఉండవచ్చును గనుక, పీడనంతో పాటు నరాన్ని కూడా పరీక్షించాలి.

మధుమేహ రెటినోపతి: రక్తంలో చక్కెర అదుపు తప్పి, కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం వల్ల ఇది కలుగుతుంది. తొలిదశలో ఏ లక్షణమూ కనిపించదు. చూపు మసకబారే నాటికి వ్యాధి ముదిరి ఉండవచ్చు.

గాయాలు, పుండ్లు: నల్లగుడ్డుకు వరి పొట్టు, గడ్డిపరక వంటివి తగిలితే పుండు పడి శాశ్వతంగా పువ్వు వేసే ప్రమాదం ఉన్నది. జీడిగింజల పెంకు నుండి చిమ్మే నూనె కూడా ప్రమాదకరమే. అట్టి సందర్భాలలో ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయడం తగదు. నూనె వంటివి పడితే వెంటనే శుభ్రమైన నీటితో ధారాళంగా కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. వైద్యుని సలహా లేకుండా దుకాణంలో కొన్న స్టెరాయిడ్ చుక్కలు పుండును ముదరబెట్టవచ్చు. దీర్ఘకాలం వాడితే నీటి కాసులకు, శుక్లాలకు దారితీయవచ్చు.

ఎవరు, ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలి?

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు రెటీనా పరీక్ష జననమైన 30 రోజులలోపు జరగాలి. 34 వారాలలోపు పుట్టినవారు, 2 కిలోలకన్నా తక్కువ బరువున్నవారు ఈ కోవలోకి వస్తారు. మరీ ముందుగా పుట్టినవారికి ఇంకా త్వరగా చేయించాలి.

పిల్లలను బడిలో చేర్చే ముందు ఒకసారి, తర్వాత క్రమం తప్పకుండా పరీక్షించాలి. ఒక కంటి చూపు తక్కువగా ఉన్న బిడ్డ రెండవ కంటితో నెట్టుకొస్తాడు గనుక తల్లిదండ్రులు గ్రహించలేరు. సకాలంలో సరిదిద్దకపోతే ఆ కన్ను ‘సోమరి కన్ను’గా మారి, పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాదు. 9 నెలల నుండి 5 ఏళ్ళ వరకు ఆరోగ్య సిబ్బంది ఇచ్చే విటమిన్ ‘ఎ’ మోతాదులను తప్పించరాదు.

40 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ, చూపు బాగానే ఉన్నా, ఒకసారి సమగ్ర పరీక్ష చేయించుకుని, ఆపై వైద్యుడు సూచించిన వ్యవధిని పాటించాలి. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు నీటి కాసులు ఉన్నవారు మరింత జాగరూకులై ఉండాలి.

పెద్దల్లో సాధారణంగా వచ్చే రెండవ రకం మధుమేహం ఉన్నవారికి, వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే ఒకసారి, ఆపై ఏటా కంటి పరీక్ష తప్పనిసరి.

పరీక్షకు వెళ్ళేవారు గమనించవలసినవి

ఆరు మీటర్ల దూరం నుండి అక్షరాల పట్టిక చదివించడం పరీక్షలో మొదటి మెట్టు మాత్రమే. కంటి పీడనం కొలవడం, చుక్కలు వేసి కనుపాపను విప్పార్చి రెటీనాను, కంటి నరాన్ని చూడడం సమగ్ర పరీక్షలో భాగం. చుక్కల ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది గనుక వెంట ఒకరిని తీసుకువెళ్ళడం, ఆ సమయంలో వాహనం నడపకుండా ఉండడం మంచిది.

నేత కార్మికులు మరొక విషయం గుర్తుంచుకోవాలి. దగ్గరి చూపు అద్దాలను సాధారణంగా పుస్తకం చదివే దూరానికి నిర్ణయిస్తారు. మగ్గంపై కంటికీ పోగుకూ మధ్య దూరం అంతే ఉండాలని లేదు. ఇంటి వద్ద ఆ దూరాన్ని దారంతో కొలుచుకుని, పరీక్షించేవారికి చూపిస్తే పనికి అనువైన అద్దాలు లభిస్తాయి. మగ్గం గదిలో నీడ పడకుండా, కళ్ళలోకి సూటిగా కొట్టకుండా పక్కనుండి వెలుతురు వచ్చే ఏర్పాటు చేసుకోవాలి.

కార్యక్రమాలు, గణాంకాలు

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో ప్రారంభమైంది. 1994 నుండి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సహాయంతో 7 రాష్ట్రాలలో అమలైన శుక్లాల అంధత్వ నివారణ ప్రాజెక్టులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017లో జాతీయ కార్యక్రమం పేరులో ‘దృష్టి లోపం’ కూడా చేరింది. పాఠశాలల్లో కంటి పరీక్షలు, ఉచిత శుక్లాల శస్త్రచికిత్సలు ఇందులో ముఖ్యాంశాలు.

స్వచ్ఛంద రంగంలో, గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థి డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, సుమారు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం, 5 లక్షల జనాభాకు శస్త్రచికిత్స సౌకర్యంగల ఒక కేంద్రం చొప్పున అంచెల వ్యవస్థను రూపొందించింది. పరీక్షను ప్రజల ఇంటి దగ్గరికి చేర్చడమే దీని ఆంతర్యం.

సామూహిక పరీక్షల విషయానికి వస్తే, తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ‘కంటి వెలుగు’ ప్రారంభమైంది; 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో ‘వైఎస్సార్ కంటి వెలుగు’ పాఠశాల విద్యార్థులతో ఆరంభమై, 2020 ఫిబ్రవరిలో వృద్ధులకు విస్తరించింది. ఇట్టి కార్యక్రమాలు ఒక విడతలో లక్షల మందిని చేరగలవు. ఏటేటా జరగవలసిన పరీక్షకు మాత్రం ఇవి ప్రత్యామ్నాయం కావు.

దేశంలో అంధత్వం 2001–02లో 1.1 శాతం, 2006–07లో 1 శాతం కాగా, 2015–19 జాతీయ సర్వేలో 0.36 శాతంగా నమోదైంది. అయితే 2017లో అంధత్వ నిర్వచనం మారిందన్న విషయాన్ని ఈ అంకెలు ఉటంకించేవారు విస్మరించరాదు. పూర్వం 6 మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కించలేనివారిని అంధులుగా పరిగణించగా, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 3 మీటర్ల దూరాన్ని తీసుకుంటున్నారు. కనుక తగ్గుదల అంతా చికిత్సల ఫలితమేనని రాయడం సరికాదు. 50 ఏళ్ళు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి ఇప్పటికీ శుక్లాలే కారణమని అదే సర్వే తెలిపింది. పట్టుదలతో కృషి చేస్తే సాధ్యమయ్యేదేమిటో చెప్పడానికి కూడా ఉదాహరణ ఉన్నది: ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా భారత్ నిర్మూలించిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది.

అమలులో దృష్టి పెట్టవలసిన అంశాలు

నేత్ర శిబిరాల ఫలితాన్ని హాజరైనవారి సంఖ్యతోనే కొలవడం పరిపాటి. దానితో పాటు, సూచించిన అద్దాలు చేతికి అందినవారెందరు, వాటిని ధరిస్తున్నవారెందరు, శస్త్రచికిత్సకు పంపినవారిలో నిజంగా చేయించుకున్నవారెందరు, మరుసటి ఏడాది పరీక్షకు తిరిగి వచ్చినవారెందరు అన్నవి కూడా నమోదు కావాలి. ఇంటి పనిలో భాగంగా కండెలు చుట్టే స్త్రీలు కార్మికుల లెక్కలో చేరక, శిబిరాల జాబితాలలోనూ కనిపించకపోయే ప్రమాదం ఉన్నది. చేనేత సహకార సంఘాలు, ఆశా కార్యకర్తలు, పాఠశాలల ద్వారా ఇంటింటి జాబితా సిద్ధం చేస్తే ఈ లోపాన్ని నివారించవచ్చు.

ఏటా అక్టోబరు రెండవ గురువారం ప్రపంచ దృష్టి దినోత్సవం. కుటుంబంలో 40 ఏళ్ళు దాటినవారి, మధుమేహం ఉన్నవారి, బడి ఈడు పిల్లల కంటి పరీక్షలు ఆ ఏడాదికి పూర్తి అయినవీ లేనివీ సరిచూసుకోవడానికి ఆ రోజును గుర్తుగా పెట్టుకోవచ్చు. సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రి నేత్ర విభాగంలో గాని, దృష్టి కేంద్రంలో గాని ఈ పరీక్షకు పట్టేది ఒక పూట. నీటి కాసుల వల్ల ఒకసారి పోయిన చూపును మాత్రం ఏ ఆసుపత్రీ తిరిగి తేలేదు.