కెంపుకి చుట్టం సానరాయి

మామూలుగా కత్తి కదులుతుంది, కూర కదలదు. కత్తిపీట దగ్గిర మాత్రం వ్యవహారం తలకిందులు. కత్తి మహారాణిలా పీటమీద నిలబడి ఉంటుంది. వంకాయే దాని దగ్గిరికి వెళ్లాలి. ఈ దర్జా మన ఒక్కళ్ల సొత్తేం కాదు. బెంగాలీలు దీన్ని బొంటి అంటారు, మరాఠీలు విళీ అంటారు, తమిళులు అరువామణై అంటారు. నేలమీద కూచుని వంట చేసుకునే ఇళ్లకి పుట్టిన వస్తువిది. పీటని కాలితో తొక్కిపడితే రెండు చేతులూ ఖాళీ. గుమ్మడికాయైనా సరే, రెండు చేతులా పట్టుకుని ముందుకి తోయడమే.

చిక్కంతా అది మొద్దుబారినప్పుడే. తెగడం లేదని ఇంకాస్త బలంగా తోస్తాం. కాయ జారిందా, చెయ్యి తిన్నగా కత్తి మీదికే వెళుతుంది! పోనీ పదును పెడదామంటే, కొడవలికి మల్లే పదునంతా వంపు లోపలివైపు. చదునుగా ఉండే సానరాయి ఆ వంపులో ఇమడదు. సాన పట్టేవాడి చక్రం గుండ్రం కనక ఇముడుతుంది.

ఆ చక్రం వెనక పెద్ద కథే ఉంది. పూర్వం మన దేశంలో కురువిందం పొడిని లక్కతో కలిపి సాన చక్రాలు చేసేవారు. సేలం, మైసూరు, అనంతపురం ప్రాంతాల్లో ఆ రాయి దొరికేది. సంస్కృతంలో కురువిందమంటే కెంపు కూడాను. ఆ పోలిక ఊరికే రాలేదు. మన కమ్మల్లో కెంపూ, ఉంగరంలో నీలమూ, సానపొడీ ఒకే ఖనిజం. తేడా అంతా రంగులోనూ తేటదనంలోనూ ఉంది. గట్టిదనంలో వజ్రానికి పది మార్కులైతే దీనికి తొమ్మిది.

తమిళంలో దీన్నే కురుందం అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులోకి వెళ్లి కొరండం అయింది. 1798లో ఛార్లెస్ గ్రెవిల్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాయి మీద వ్యాసమే రాశాడు. తరవాత 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఏచిసన్ మట్టినీ బొగ్గునీ కరెంటుతో కాలిస్తే మెరిసే పలుకులు వచ్చాయి. కార్బనూ కొరండమూ కలిశాయనుకుని కార్బొరండం అని పేరు పెట్టేశాడు. తీరా చూస్తే అందులో ఉన్నది సిలికానూ కార్బనూ! అయినా పేరు నిలిచిపోయింది. ఇనుప సామాన్ల కొట్లో అడిగి తెచ్చుకునే రాయి పేరులో మన దక్షిణాది మాట అలా దాక్కునుంది.

కత్తిపీటకి ఆ రాయిలోనే కొసలు సన్నగా, నడుం ఉబ్బుగా ఉండేది కావాలి. కత్తి కొసకి గుడ్డ చుట్టి, పీటని కాలితో అదిమి, రాయిని నీళ్లలో తడపండి. ఇక్కడా కత్తి కదలదు, రాయే కదలాలి. అడుగునుంచి కొసదాకా కొంచెం కొంచెంగా, వెన్నువైపునుంచి అంచువైపుకి తోయండి. అవతలి పక్కన వేలు అడ్డంగా ఆనిస్తే గరుగ్గా తగలాలి. అంచు వెంట మాత్రం వేలు నడపకండి సుమా! అప్పుడు రెండోవైపు పట్టండి. ఆ గరుకు పోతే పదును వచ్చినట్టే.

పొయ్యి గట్టెక్కాక మనమూ లేచి నిలబడ్డాం. నడుముకి సుఖమే, కాదనను. కానీ అటక మీది కత్తిపీటని పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు ఒక్కసారి రాయి పట్టి, ఓ టొమాటో తరిగి చూడండి. అప్పటికీ ఇచ్చెయ్యాలనిపిస్తే మీ ఇష్టం.