పాలమూరు శిస్తు, హైదరాబాద్ స్పిట్‌ఫైర్

రెండో ప్రపంచయుద్ధం సినిమాలు చూసేవాళ్ళకి స్పిట్‌ఫైర్ విమానాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. 1940లో ఇంగ్లండు మీదకొచ్చిన జర్మన్ విమానాల్ని అడ్డుకున్నవాటిలో అదొకటి. మరి వాటిని నడిపిన దళాల్లో ఒకదాని పేరు '152 (హైదరాబాద్) స్క్వాడ్రన్' అని మనలో ఎంతమందికి తెలుసు? పేరు చూసి అందులో మనవాళ్ళున్నారనుకునేరు! ఆ పేరు మనుషుల వల్ల రాలేదు, డబ్బు వల్ల వచ్చింది.

కథ మొదటి ప్రపంచయుద్ధంలో మొదలవుతుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110 స్క్వాడ్రన్‌కి డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. వాటిలో ఒకటి 1918 అక్టోబర్ 5న జర్మన్లకి చిక్కింది. బెర్లిన్, పోలండ్ తిరిగి తిరిగి 1977లో లండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియంకి చేరింది. దాని ఒంటి మీద అది నిజాం కానుక అని రాసి ఉంటుంది. ఆ యుద్ధంలో చేసిన సాయానికే 1918లో నిజాంకి 'నమ్మకమైన మిత్రుడు' అనే బిరుదు దక్కింది.

రెండో యుద్ధంలో నిజాం 152, 253 స్క్వాడ్రన్లకి డబ్బిచ్చారు. 152 వాళ్ళ చిహ్నం నిజాం తలపాగా, నినాదం ఆ పాత బిరుదే. 1940 జులై నుంచి వీళ్ళు ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరి, పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడారు. అందులో పనిచేసిన రోజర్ హాల్ 1975లో తన జ్ఞాపకాల్ని 'క్లౌడ్స్ ఆఫ్ ఫియర్' పేరుతో అచ్చేశాడు. వీరగాథలా కాకుండా, భయాన్ని భయంగానే రాసిన పుస్తకం. భయం ఎందుకుండదు చెప్పండి? అప్పటి స్పిట్‌ఫైర్‌కి రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్‌లు. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే తూటాలు దాదాపు 15 సెకన్లలో ఖాళీ! ఆ తర్వాత ప్రాణం దక్కించుకుని వెనక్కి రావడమే.

సరే, ఆ తూటాలకి డబ్బెవరిది? "నిజాం సొంత డబ్బు, ఆయనిష్టం" అనేవాళ్ళుంటారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసిన మాట నిజమే. కానీ ఆ ధనం ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. సర్ఫ్-ఎ-ఖాస్ ఊళ్ళ ఆదాయం నేరుగా ఆయన సొంత ఖజానాకి, దివానీ ఊళ్ళ శిస్తు ప్రభుత్వ ఖజానాకి వెళ్ళేవి. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు పేష్కష్ కట్టేవి. ఏ దారిన పోయినా మొదలు మాత్రం మబ్బుకేసి చూసే రైతు దగ్గరే. పాలమూరు జిల్లాకి 1890లో మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీదే. అంటే ఊరి పేరూ వాళ్ళదే, శిస్తూ వాళ్ళదే!

అదే కాలంలో ఇక్కడేం జరుగుతోంది? 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభలు జరిగాయి. వెట్టిచాకిరీ గురించి, రైతుల బాధల గురించి ఆ ఉద్యమం మొత్తుకుంటూనే ఉంది. యుద్ధం పేరు చెప్పి ధాన్యం లెవీ కూడా మొదలైంది. దొరల గాదెలు వదిలేసి చిన్న రైతుల గింజలు కొలుచుకుపోయారు. నల్గొండలో 1946లో సాయుధ పోరాటం రాజుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ లెవీ కూడా ఒకటి.

హిట్లర్‌ని ఆపడం తప్పని నేనట్లేదు. ఆ పైలట్లు ప్రాణాలొడ్డిన మాట నిజం, ఆ విమానాలు పనికొచ్చిన మాటా నిజం. కానీ డబ్బు కట్టినవాణ్ణి ఎవరూ అడగలేదు, తర్వాతైనా చెప్పలేదు. మన ప్రాజెక్టుల్లో రాత్రంతా మేలుకుని కోడ్ రాసేవాడొకడు, క్లయింటు ముందు పేరు కొట్టేసేవాడింకొకడు అని వాపోతాం కదా. ఇక్కడ జరిగింది దానికి వందరెట్లు.

విచిత్రమేంటంటే, ఈ 'హైదరాబాద్' స్క్వాడ్రన్ 1943 చివర్లో మనదేశానికొచ్చి, 1944లో బర్మా రంగంలో జపాన్ వాళ్ళతో పోరాడింది. అదే ఏడాది అదే రంగంలో భారత వాయుసేన తరఫున అసలు సిసలు హైదరాబాదీ ఒకాయన కూడా విమానం నడిపాడు. ఆయనే ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివినవాడు. 1947లో పాకిస్తాన్ వాయుసేనలో చేరమని పిలుపొచ్చినా వెళ్ళలేదు. 1978లో మన వాయుసేనకి అధిపతి అయ్యాడు, 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. నన్నడిగితే, పేరుకి మాత్రమే హైదరాబాద్ అయిన దళం కన్నా ఈయన గురించి మన పాఠ్యపుస్తకాల్లో నాలుగు పేజీలు ఉండాలి.

లండన్ ఆన్‌సైట్‌లో ఉన్నవాళ్ళు వీలు చేసుకుని హెండన్‌లోని ఆ మ్యూజియంకి వెళ్ళండి. నిజాం పేరున్న ఆ డీహెచ్-9ఏ ముందు ఫోటో దిగేటప్పుడు, దాని ఖర్చులో మన తాతముత్తాతల వాటా కూడా ఉందని పక్కనున్న పిల్లలకి చెప్పండి. దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈ విమానం మీదా లేవు. మనమైనా గుర్తుంచుకోకపోతే ఎలా?