విశ్వాసపాత్రుడైన సలహాదారు పతనం: హైదరాబాద్ రాజ్యంలో గనుల కుంభకోణం, దాని పర్యవసానాలు

1. పరిచయం

పాలకుడు ప్రతి విషయాన్నీ స్వయంగా పరిశీలించలేడు. నమ్మిన సలహాదారు కళ్లతోనే చాలా సంగతులు చూస్తాడు. ఆ సలహాదారు అపవాదులో చిక్కి తొలగిపోతే పాలన ఏ విధంగా మారుతుంది? 1958 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముఖ్య సహాయకుడు షెర్మన్ ఆడమ్స్, ఒక వస్త్ర పరిశ్రమాధిపతి నుంచి కానుకలు స్వీకరించారన్న వివాదంలో పదవి వదులుకున్నారు. ఇటువంటి పరిస్థితి అంతకు 70 ఏళ్ల ముందే హైదరాబాద్ రాజ్యంలో ఏర్పడింది. ఈ భాగంలో దానిని పరిశీలిద్దాం.

2. నేపథ్యం

1883లో మొదటి సాలార్ జంగ్ మరణించారు. 1884లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పూర్తి అధికారాలు చేపట్టే నాటికి ఆయనకు 17 ఏళ్లు. అనుభవం లేని పాలకుడు, తరచుగా మారే దివాన్లు, పక్కనే బ్రిటిష్ రెసిడెంటు. ఈ స్థితిలో రాజ్య వ్యవహారాలు కొద్దిమంది సమర్థులైన అధికారుల చేతుల్లోకి వెళ్లాయి. వారిలో ఒకరు సర్దార్ దిలేర్-ఉల్-ముల్క్ బిరుదు పొందిన అబ్దుల్ హక్. రైల్వే ఒప్పందం కోసం లండన్‌లో నిజాం ప్రభుత్వం తరఫున చర్చలు జరిపింది ఆయనే.

3. గనుల ఒప్పందం

1886లో గనుల తవ్వకం హక్కులతో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ మైనింగ్ కంపెనీ ఏర్పడింది. మూలధనం 10 లక్షల పౌండ్లు. ఒక్కొక్కటి 10 పౌండ్ల విలువ గల లక్ష షేర్లలో 85,000 షేర్లు హక్కులు సంపాదించినవారికే దక్కాయి. ప్రజలకు మిగిలినవి 15,000 మాత్రమే. ఆ 85,000 షేర్లలో అబ్దుల్ హక్‌కు రహస్యంగా వాటా ఉందని, నిజాం ప్రభుత్వం కొన్న షేర్లు కూడా ఆయన సొంతవేనని తరువాత బయటపడింది. రాజ్యం తరఫున బేరం చేయవలసినవాడే బేరంలో లాభం పొందాడన్నది అసలు ఆరోపణ. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఎంపిక సంఘం విచారణ జరిపింది. అబ్దుల్ హక్ పదవి కోల్పోయారు.

4. పర్యవసానాలు

మొదటిది, ఖాళీ అయిన స్థానంలోకి మరొకరి ప్రాబల్యం వచ్చింది. దివాన్ అస్మాన్ జా హయాంలో (1887-1893) మొహసిన్-ఉల్-ముల్క్, హోం కార్యదర్శి మెహదీ హసన్ ప్రముఖులయ్యారు. మనుషులు మారారు గాని, వ్యక్తులపై ఆధారపడే పద్ధతి మారలేదు.

రెండవది, అపవాదు రాజకీయ ఆయుధమైంది. 1892లో మెహదీ హసన్ కుటుంబంపై ఆరోపణలతో ఒక కరపత్రం వెలువడింది. ఆయన పక్షం కోర్టుకు వెళ్లినా 1893లో నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. మెహదీ హసన్ పదవి పోయింది. అదే సంవత్సరం మొహసిన్-ఉల్-ముల్క్ హైదరాబాద్ విడిచి వెళ్లారు. అస్మాన్ జా కూడా దివాన్ పదవి నుంచి తప్పుకున్నారు. బయటి ప్రాంతాల నుంచి వచ్చిన అధికారులపై స్థానికులకున్న అసంతృప్తి, అంటే ముల్కీ-గైర్ ముల్కీ వివాదం, ఈ గొడవలకు మరింత బలాన్నిచ్చింది.

మూడవది, 1890ల ఆరంభంలో ఖానూన్చా-ఎ-ముబారక్ ద్వారా మంత్రిమండలికి, శాసనసభకు రూపకల్పన జరిగింది. దివాన్ ఒక్కడి చేతిలో ఉన్న అధికారానికి నియమాల కట్టడి ఏర్పడింది. దీనికి గనుల కుంభకోణం ఒక్కటే కారణం కాదు. నిజాం స్వయంగా పట్టు సాధించాలనుకోవడం కూడా ముఖ్య కారణమే.

5. ముగింపు

ఒప్పందం మాత్రం రద్దు కాలేదు. 1889 నాటికి ఇల్లందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ కంపెనీ వారసత్వమే 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్. కనుక సలహాదారు పోయినంత మాత్రాన అతడు చేసిన సంతకాలు పోవు. ఖజానాకు కలిగిన నష్టం చివరకు శిస్తు కట్టే రైతుపైనే పడుతుంది. అప్పుడు నిజాం పాలనలో ఉన్న బాన్సువాడ, పెద్ద కొడప్‌గల్ ప్రాంతాల సాగుదారుకు లండన్‌లోని షేర్ల సంగతి తెలియదు. అయినా రాజ్యం ఖర్చు మోసినవారిలో అతడూ ఒకడు. దోషిని తొలగించడం మొదటి మెట్టు మాత్రమే. ఒకే వ్యక్తి బేరం చేసి, తానే లాభం పొందే వీలు లేకుండా చేసినప్పుడే పాలన నిజంగా మారినట్లు.

అభ్యాసం

1. గనుల ఒప్పందంలో షేర్ల పంపిణీ ఎందుకు వివాదాస్పదమైంది?
2. 1888, 1893 నాటి పరిణామాల మధ్య పోలికలను, భేదాలను వివరించండి.